నూనె అలిగింది

సిద్దిపేట పాత బస్టాండు వెనక సందులో కొమురవ్వ మిర్చి బండి ఉంటుంది. బండికి పేరు లేదు, బోర్డు లేదు. నేను అక్కడికి దగ్గర్లోనే ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. సాయంత్రం క్లాసులు అయిపోగానే ఆ సందులోంచే ఇంటికి పోతాను, పోతూ పోతూ ఆగుతాను. అందుకే ఆమెకు జరిగినదాంట్లో కొంత నేను చూసిందే. మిగిలింది ఆమే చెప్పింది, ఆమె మరిచిపోయిన చోట ఆమె భర్త సిద్ధయ్య అందించాడు.

వాళ్లది చిన్నకోడూరు పక్క పల్లె. సిద్ధయ్య కల్లు గీసేవాడు. ఒకరోజు తాటిచెట్టు మీంచి పడి తుంటి ఎముక విరిగింది. పెద్ద దవాఖాన దగ్గరుంటుందని ఇద్దరూ సిద్దిపేట వచ్చి ఒక గది కిరాయికి తీసుకున్నారు. నడక కొంత వచ్చింది కానీ, మళ్లీ చెట్టెక్కే పని మాత్రం లేకపోయింది. ఒక్కతే కూతురు భవాని, చిన్నకోడూరులోనే అత్తగారిల్లు. కాబట్టి ఇక్కడ వీళ్లిద్దరే. ఆమె పిండి కలిపి మిర్చి వేస్తుంది, ఆయన స్టూలు మీద కూర్చుని ఉల్లిగడ్డ తరిగి కాగితాల్లో పొట్లం కడతాడు. ఆమె మాట్లాడుతూనే ఉంటుంది, ఆయన అవసరమైతేనే నోరు తెరుస్తాడు.

కొమురవ్వ మాట తీరు వేరు. ఆమెకు బండి మీదున్న వస్తువులన్నీ మనుషులే. స్టవ్వుకు పొద్దున్నుంచి దగ్గు పట్టుకుంటుంది. శనగపిండి ఇయ్యాల మాట వినదు. మిర్చికాయలు ఒకదాన్నొకటి చూసి భయపడతాయి. ఎవరినో నవ్వించాలని ఇవన్నీ అనదు. మనం వాన వచ్చేలా ఉంది అన్నంత మామూలుగా అంటుంది.

నిరుటి వానాకాలంలో ఒక సాయంత్రం గాలి విపరీతంగా వీస్తోంది. స్టవ్వు మంట నిలబడడం లేదు, నూనె కాగడం లేదు. బండి ముందు ఏడెనిమిది మంది నిలబడ్డారు. వాళ్లలో శైలేందర్ అనే కుర్రాడొకడు. డిగ్రీ అయిపోయి ఊళ్లోని తినుబండారాల మీద చిన్న చిన్న వీడియోలు తీసి నెట్టులో పెడుతుంటాడు. ఫోను ఆమె వైపు పెట్టి, "అవ్వా, ఇంకెంత సేపు?" అన్నాడు.

కొమురవ్వ తల ఎత్తకుండానే, "నూనె అలిగింది బిడ్డా. జర ఆగు. అలిగినోళ్లను తొందర పెడితే ఇంకింత అలుగుతరు," అంది.

అంతే ఆ వీడియో. అలా అంటూ ఆమె చిల్లుల గంటెతో నూనె మీద చిన్నగా తట్టడం, వెనకాల సిద్ధయ్య ముఖం పక్కకు తిప్పుకుని నవ్వు ఆపుకోవడం కనిపిస్తాయి. శైలేందర్ దాన్ని ఆ రోజే నెట్టులో పెట్టాడు. తర్వాతి వారంలోగా అది ఎంత దూరం పోయిందో వాడికీ తెలియలేదు.

నాకు తెలిసింది క్లాసులో. తెర మీద పాఠం చూపించబోతే నెట్టు తిరుగుతూనే ఉంది తప్ప ఏమీ రావడం లేదు. వెనక బెంచీ నుంచి ఎవరో మెల్లగా, "సార్, నూనె అలిగింది," అన్నారు. క్లాసంతా ఒక్కసారి నవ్వింది. నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత ఎటు చూసినా అదే. బస్సు ఆలస్యమైతే నూనె అలిగింది. దోస్తు ఫోనెత్తకపోతే నూనె అలిగింది. కరెంటు పోయి మా వీధివాళ్లు అడిగితే స్తంభం మీదున్న లైన్‌మన్ కిందికి చూసి, "ట్రాన్స్‌ఫార్మర్ల నూనె అలిగింది," అన్నాడు. ట్రాన్స్‌ఫార్మర్లో నిజంగానే నూనె ఉంటుంది కాబట్టి ఆయన నిజం చెప్పాడా, ఆట పట్టించాడా మాకెవరికీ తేలలేదు.

పిల్లలు దాన్ని అంతటితో వదల్లేదు. రాయడానికి పొడుగైందని 'ఎన్.ఏ.' అని కుదించారు. మా కాలేజీ గుమాస్తా రమాకాంత్‌కు ఒక విద్యార్థి, 'సార్, ఇయ్యాల నేను ఎన్.ఏ.' అని మెసేజ్ పెట్టాడు. ఆయన దరఖాస్తుల మనిషి. ఎన్.ఏ. అంటే ఆయన లెక్కలో 'వర్తించదు'. పిల్లవాడు ఇవాళ ఎందుకు వర్తించడో తెలియక ఆయన నా దగ్గరికి వచ్చాడు. ఇవాళ వాడికి మనసు బాగాలేదట అని నేను చెబితే, చాలాసేపు ఆలోచించి, "అట్లయితే నాకు నెలకు నాలుగు దినాలు వర్తించదు," అన్నాడు.

ఇదంతా జరుగుతుంటే కొమురవ్వకు మాత్రం ఏమీ తెలియదు. ఆమె దగ్గరున్నది నంబర్లు నొక్కే చిన్న ఫోను. కొత్త కొత్త పిల్లలు బండి దగ్గరికి వచ్చి, "అవ్వా, నూనె అలిగిందా?" అని అడిగి నవ్వుతున్నారు. ఆమె మూకుట్లోకి చూసి, "లేదు బిడ్డా, మంచిగనే కాగింది," అని నిజాయితీగా జవాబిస్తోంది. దానికి వాళ్లు ఇంకా నవ్వుతున్నారు. ఈ కాలం పిల్లలకు నవ్వడానికి కారణం అక్కర్లేదనుకుని ఆమె ఊరుకుంది.

వచ్చే పిల్లల్లో ఆమెకు బాగా నచ్చినవాడు నిఖిల్. పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ప్రశాంత్ నగర్‌లో రెండంతస్తుల ఇల్లు. వాళ్లకు ఎర్రవల్లి వైపు పొలాలు కూడా ఉన్నాయి. అయినా రోజూ సాయంత్రం బండి పక్క గోడ మీద కూర్చుని ఆమెతో ముచ్చట పెడుతూ తినేవాడు. ఒక రోజు మామూలు కంటే ఎక్కువ తిన్నాడు. ఆమె ఇంకో రెండు వెయ్యబోతే కడుపు పట్టుకుని, "వద్దవ్వా, సచ్చిపోత," అన్నాడు. ఆమె నవ్వి ఆ రెండూ పొట్లం కట్టి ఇచ్చింది.

ఆ తర్వాత అతను మళ్లీ రాలేదు. రెండు మూడు రోజులు ఆమె పట్టించుకోలేదు. ఆ తర్వాత రోజూ సందు మొదలు వైపు ఒకసారి చూసుకునేది.

ఒక పొద్దున ఆమె గది ముందు కూర్చుని మిర్చికాయలు చీరుతోంది. మరిది దుర్గయ్య వచ్చాడు. సిద్ధయ్యకు తమ్ముడు, సిద్దిపేటలోనే ఒక సిమెంటు దుకాణంలో పనిచేస్తాడు. కొత్తగా పెద్ద ఫోను కొన్నాడు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. వస్తూనే గొంతు తగ్గించి, "వదినె, నువ్వు ఫోన్ల ఉన్నవు, ఎర్కేనా?" అన్నాడు.

వీడియో చూపించాడు. తన ముఖం, తన గొంతు. కొమురవ్వ సిగ్గుపడింది, సంతోషపడింది. "చీర కొంగు జర సదురుకుంటే అయిపోవు," అంది. సిద్ధయ్య కూడా వంగి చూశాడు.

"గది గాదు వదినె. కింద జూడు," అన్నాడు దుర్గయ్య. వేలితో మీదికి తోస్తూ పోయాడు. వీడియో కింద వరసగా పుర్రెలు. తెల్లటి చిన్న చిన్న పుర్రెలు, ఒకరు మూడు పెడితే ఇంకొకరు పది. వాటి మధ్య మంటలు. అక్కడక్కడ శవపేటికలు. దుర్గయ్య కొన్నింటిని చదివాడు. 'అవ్వ చంపేసింది.' 'నేను పోయిన.' 'మా రూములో నలుగురం పోయినం.'

కొమురవ్వ చేతిలోని కత్తి కింద పెట్టింది. "ఏంది గివి? ఎవరు పోయిన్రు?"

"నాకైతే చేతబడి లెక్క కొడుతున్నది," అన్నాడు దుర్గయ్య. "గిన్ని పుర్రెలు ఊకెనే పెడతరా ఎవలన్న? బండి కాలవెడతం అంటున్నట్టున్నరు, గీ మంటలు జూడు."

చేతబడి మాట ఆమె అంతగా నమ్మలేదు. కానీ దుర్గయ్య ఇంకోటి చూపించాడు. నిఖిల్ ఫొటో. నవ్వుతున్న ముఖం, చుట్టూ పెద్ద పూలదండ, రెండు వైపులా దీపాలు. కింద అక్షరాలు దుర్గయ్య వేలు పెట్టి మరీ చదివాడు. 'మా నిఖిల్ ఇక లేడు. అవ్వ మిర్చి తిన్న చివరి రోజు ఇదే. నూనె అలిగి పోయిండు. ఓం శాంతి.' ఆ రాత కింద ఇంకా ఏదో ఉందని చుక్కలు ఉన్నాయి. చుక్కల మీద నొక్కితే మిగతాది తెరుచుకుంటుందని దుర్గయ్యకు తెలియదు.

కొమురవ్వ ఆ ఫొటో వైపే చూస్తూ, "ఆ దినం కడుపు పట్టుకున్నడు," అంది. "సచ్చిపోత అన్నడు నాతోని. నేను నవ్విన. ఇంకో రెండు కట్టిచ్చిన."

సిద్ధయ్య, "నూనె మంచిదే గద మనది," అన్నాడు.

"మంచిదే. నాకైతే మంచిదే అనిపించింది."

దుర్గయ్య ఆలోచన వేరేగా ఉంది. నిఖిల్ వాళ్లు పెద్దోళ్లు, పోలీసులతో వస్తారు, ఈ లోపల నాలుగు బట్టలు సర్దుకుని చేర్యాల పొమ్మన్నాడు. అక్కడ తన అత్తగారింట్లో కొన్నాళ్లు ఉండొచ్చు. ఇదంతా చల్లబడ్డాక చూసుకోవచ్చు. అతను చెడ్డవాడు కాడు. అన్నావదినల మీద ప్రేమతోనే చెప్పాడు.

కొమురవ్వ లేచి చేతులు కడుక్కుంది. మిర్చి ఘాటు పోవడానికి రెండోసారి కడుక్కుంది. "నేను ప్రశాంత్ నగర్ పోత," అంది.

"నీకు పిచ్చి లేచిందా వదినె?"

"ఆ పిల్లగాని తల్లి ఏడుస్తుంటది. నా చేతి తిండి తిని పోయిండని ఊరంత అంటుంటే నేను పోయి చేర్యాలల దాసుకోవాల్నా? నేను ఆమె ముందట నిలవడాలె. కొడితే కొట్టనీ."

సిద్ధయ్య అప్పటికే చొక్కా వేసుకుంటున్నాడు. "నేను గూడ వస్త," అన్నాడు.

ఆటోలో కూర్చున్నంతసేపు ఆమె ఆ తల్లితో ఏం చెప్పాలా అని మాటలు కూడగట్టుకుందట. కాళ్లు మొక్కాలా, ముందు పేరు చెప్పాలా, లోపలికి రానియ్యకపోతే గేటు దగ్గరే కూర్చోవాలా? ఏ మాటా సరిపోలేదు. సిద్ధయ్య ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇంతమంది తిరిగే రోడ్డు మీద ఆయన తన చెయ్యి పట్టుకోవడం పెళ్లయ్యాక అదే మొదలని ఆమె తర్వాత నాతో చెప్పింది. ఆ సమయంలో మాత్రం ఆమెకు ఆ సంగతి తట్టలేదు.

ఇల్లు దొరకడం కష్టం కాలేదు. పాలిటెక్నిక్ పిల్లవాడి ఇల్లని అడిగితే ఇస్త్రీ బండాయన చూపించాడు. ఆ ఇంటి ముందు షామియానా లేదు, కుర్చీలు లేవు, జనం లేరు. అన్నీ అయిపోయినట్టున్నాయి, మనం ఆలస్యంగా వచ్చినం అనుకుంది కొమురవ్వ. గేటు తీసుకుని లోపలికి పోయారు. తలుపు తీసినావిడ నిఖిల్ తల్లి ప్రమీలాదేవి. నీలం చీర కట్టుకుంది, చేతికి పిండి అంటుకుని ఉంది. వచ్చినవాళ్లెవరో ఆమెకు తెలియదు.

"ఎవరు గావాలమ్మ?" అంది.

కొమురవ్వ రెండు చేతులూ జోడించింది. "మీ పిల్లగాడు... నిఖిల్..." అని ఆగిపోయింది.

"నిఖిలా? పైకి పోయిండు," అంది ప్రమీలాదేవి.

కొమురవ్వ అక్కడే గడప ముందు కూలబడింది. సిద్ధయ్య ఆమె భుజం పట్టుకోబోయి తనే తూలాడు. ప్రమీలాదేవి కంగారు పడి, "అయ్యో, ఏమైందమ్మ? ఎండకు తిరిగొచ్చిన్రా? ఉండు, నీళ్లు తెప్పిస్త," అని మేడ వైపు తలెత్తి, "నిఖిల్, జర కిందికి రా, ఎవరో వచ్చిన్రు," అని కేకేసింది.

మేడ మీంచి ధన్‌మని ఇనుము కింద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు. చెమటతో తడిసిన బనీను, మెడలో తువ్వాలుతో నిఖిల్ దిగి వచ్చాడు. వచ్చి, "అవ్వా, నువ్వేంది గిక్కడ?" అన్నాడు.

కొమురవ్వ లేవలేదు. కూర్చున్న చోటి నుంచే చేతులు చాచింది. అతను వంగితే ముఖం తడిమింది, చెవులు పట్టుకుంది, భుజాలు నొక్కి చూసింది. తడిగా, వేడిగా ఉన్నాడు. అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. పెద్దగా, ఎవరేమనుకుంటారో అని లేకుండా ఏడ్చింది. ఏడుస్తూనే నిఖిల్ వీపు మీద ఒక్కటి వేసింది. ఆ దెబ్బకు ఆమె ప్రాణం కుదుటపడింది.

"ఉన్నవు. ఉన్నవురా కొడుకా," అంది.

నిఖిల్ అయోమయంగా తల్లి వైపు చూశాడు. తల్లి సిద్ధయ్య వైపు చూసింది. సిద్ధయ్య మెట్టు మీద కూర్చుని, "బిడ్డా, ముందుగాల జరన్ని నీళ్లు తెండ్రి. తర్వాత చెప్త," అన్నాడు.

నీళ్లు తాగాక చెప్పాడు. దండ వేసిన ఫొటో మాట వినగానే ప్రమీలాదేవి ముఖం మారిపోయింది. ఆ సంగతి ఆమెకు తెలియదు. "బతికున్నోనికి దండ ఏస్తరా? ఎవడు వాడు?" అంది. నిఖిల్ తల దించుకున్నాడు. వేసినవాడు శైలేందర్, అతని దోస్తే.

అసలు జరిగింది ఇది. ఆ రోజు కడుపు నిండా తిన్నాక నిఖిల్‌కు తన మీద తనకే కోపం వచ్చింది. ఇక నూనెలో వేయించినవి ముట్టనని, వొళ్లు తగ్గిస్తానని దోస్తుల ముందు ఒట్టు పెట్టుకున్నాడు. మేడ మీద కసరత్తు మొదలుపెట్టాడు. బండి ముందు నుంచి పోతే ఆగలేనని వేరే దారిన తిరుగుతున్నాడు. మిర్చి మానేసినవాడు మా లెక్కలో పోయినట్టే అని దోస్తులు ఆ ఫొటో తయారుచేశారు. దుర్గయ్య చదవని చుక్కల వెనకాల ఉన్న వాక్యం నిఖిల్ చెల్లెలు మనస్విని తన ఫోన్లో తెరిచి చదివింది. 'మిర్చి మానేసి డంబెల్స్ పట్టినందుకు మా గుండెల్లో చచ్చిపోయినవురా తమ్మీ.'

"మరి పుర్రెలు?" అంది కొమురవ్వ. ఆ పిల్లవాడు బతికి ఉన్నా, ఆమెకు ఆ పుర్రెలు ఇంకా మనసులోంచి పోలేదు.

మనస్విని ఇంటర్ చదువుతోంది. ఆమె వచ్చి కొమురవ్వ పక్కనే నేల మీద కూర్చుంది. "అవ్వా, పుర్రె పెడితే మస్తు నవ్వొచ్చిందని. నవ్వి నవ్వి సచ్చిపోయిన, గిప్పుడు నా బొక్కలే మిగిలినయి అన్నట్టు. శవపేటిక గూడ గంతే."

కొమురవ్వ ఆ మాటను కాసేపు నోట్లో తిప్పుకుంది. "నవ్వలేక సచ్చిన అంటం మేం గూడ," అంది. "మా అత్త ఊకె అంటుండె. సావగొడ్తున్నవే కొమురవ్వా, ఇగ ఆపు అని. గదేనా?"

"గదే. నోటితోని అనే బదులు బొమ్మ పెడ్తరు."

"అట్లని ముందే జెప్పొద్దా. మరి మంటలు?"

"అంటే సూపరున్నదని. మండిపోతున్నది అన్నట్టు."

"మిర్చి అంటే మండాల్నే గద," అంది కొమురవ్వ. ఆమె ముఖంలోకి రంగు తిరిగి వచ్చింది. ఇంకా ఏమేం ఉన్నాయో చెప్పమంది. మనస్విని హుషారుగా మొదలుపెట్టింది. బాగా తెలిసినవాణ్ని తోపు అంటారు. ఆడపిల్లతో తియ్యగా మాట్లాడుతూ వెంటపడడాన్ని పులిహోర కలపడం అంటారు.

"పులిహోర ఎందుకు మధ్యల?" అడిగింది కొమురవ్వ. అది మనస్వినికీ తెలియదు. నిమ్మకాయ, పోపు, పసుపు అన్నీ సమంగా పడేట్టు ఓపిగ్గా కలపాలి కదా, అందుకేమో అంది ప్రమీలాదేవి. ఆమెకూ కోపం తగ్గింది. కొమురవ్వ సిద్ధయ్య వైపు చూసి, "గీయన ఇన్నేండ్లల ఒక్కనాడు గూడ కలపలే," అంది. సిద్ధయ్య గోడ మీది క్యాలెండర్ చూడసాగాడు. అందరూ నవ్వారు. పొద్దున్నుంచి ఆమె నవ్వింది అప్పుడే.

ఈలోపు నిఖిల్ ఫోన్ చేస్తే శైలేందర్ మోటారు బండి మీద వచ్చాడు. గేటు దగ్గర నుంచే ప్రమీలాదేవి నాలుగు మాటలు అంటించింది. అతను నిలబడి అన్నీ పడ్డాడు. తర్వాత కొమురవ్వ ముందుకు వచ్చి, "తప్పయింది అవ్వా. నువ్వు చూస్తవనుకోలే," అన్నాడు. ఫొటో అప్పటికప్పుడే తీసేశాడు. వీడియో కూడా తీసెయ్యాల్నా అని అడిగాడు.

కొమురవ్వ ఆలోచించింది. "అది ఉండనీ. అండ్ల నేను తప్పు మాటేం అనలే," అంది.

ఆ మాట మీద శైలేందర్‌కు ధైర్యం వచ్చింది. 'నూనె అలిగింది' అన్న మాట ఎక్కడిదని నెట్టులో పెద్ద పంచాయితీ నడుస్తోందని చెప్పాడు. కరీంనగర్‌వాళ్లు మా నాయనమ్మలు ఎప్పుడో అన్నారని అంటున్నారు. వరంగల్‌వాళ్లు మాదంటున్నారు. ఎవరో ఒకాయన ఇది పాత నాటకంలోదని కూడా రాశాడు. "నిజంగ ఎక్కడిదవ్వా?"

ఆమె జవాబు చెప్పేలోపు సిద్ధయ్య, "అది నన్ను అన్న మాట," అన్నాడు.

ఆయన తనంత తాను మాట్లాడడం కొమురవ్వకే కొత్త. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన నెమ్మదిగా, మధ్యమధ్య ఆగుతూ చెప్పాడు.

చెట్టు మీంచి పడ్డాక ఆయన మంచం మీదే ఉన్నాడు. దవాఖానవాళ్లు బతుకుతాడన్నారు, నడుస్తాడన్నారు. ఆయనకు మాత్రం చెట్టెక్కని కాళ్లు ఎందుకనిపించింది. మాట్లాడడం మానేశాడు. కొమురవ్వ అన్నం పెడితే తినేవాడు, అడిగితే తల ఊపేవాడు, ముఖం గోడ వైపు తిప్పుకుని పడుకునేవాడు. నెలలు అట్లాగే పోయాయి. కూతురు వచ్చి ఏడ్చినా పలకలేదు. బతకాలి కాబట్టి కొమురవ్వ కిరాయి గది ముందే రాళ్ల పొయ్యి పెట్టి మిర్చి వెయ్యాలనుకుంది. మొదటి రోజు కట్టెలు తడిగా ఉన్నాయి. పొగ తప్ప మంట లేదు. పక్క గదులవాళ్లు, దారిన పోయేవాళ్లు చుట్టూ చేరారు. ఆమెకు ఊది ఊది కళ్లల్లో నీళ్లు కారుతున్నాయి. మంచం మీంచే తలుపులోంచి చూస్తున్న సిద్ధయ్య ఉండబట్టలేక, "ఇంక ఎందుకు ఏస్తలేవు?" అన్నాడు. అన్ని నెలల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

"నాకు కోపమొచ్చింది," అంది కొమురవ్వ అందుకుంటూ. "గిన్ని దినాలు నోరు తెరవనోడు గిప్పుడు తెరిచిండు, అదిగూడ నన్ను అడిగెతందుకు. ఏమన్ననో నాకే తెల్వలే."

"నూనె అలిగింది అన్నది," అన్నాడు సిద్ధయ్య. "నీ లెక్కనే ముఖం తిప్పుకొని కూసున్నది, ఇద్దర్ని బతిలాడలేక సస్తున్న అన్నది. గీమె గంత కోపంగ అనుడు, ఆడ నిలవడ్డోళ్లందరు నన్ను చూసుడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతె నడుము నొచ్చింది. నొచ్చినా ఆగలే."

ఆ మర్నాడు ఆయన మంచం దిగి గుమ్మం దాకా వచ్చాడు. తర్వాత పొయ్యి దగ్గర స్టూలు వేయించుకున్నాడు. అప్పటి నుంచి నూనె ఎప్పుడు ఆలస్యమైనా ఆమె ఆ మాట అంటుంది, ఆయన ముఖం పక్కకు తిప్పి నవ్వుకుంటాడు. వీడియోలో వెనకాల కనబడేది అదే.

శైలేందర్ ఫోను చేతిలోనే ఉన్నా, అతను దాన్ని వాళ్ల వైపు తిప్పలేదు. ప్రమీలాదేవి లేచి లోపలికి పోయింది. వాళ్లిద్దర్నీ అన్నం తినకుండా పోనియ్యలేదు.

ఆ సాయంత్రం బండి ఎప్పటిలాగే వచ్చింది. నేను వెళ్లేసరికి దుర్గయ్య కూడా అక్కడే నిలబడి, చుక్కల మీద ఎట్లా నొక్కాలో శైలేందర్ దగ్గర నేర్చుకుంటున్నాడు. వదినెను అంత భయపెట్టినందుకు అతనికి సిగ్గుగానే ఉంది. ఆమె మాత్రం అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. "నువ్వు చూపియ్యకుంటె నేను ఆ పిల్లగాని ఇంటికి పోకపోదును. ఆ తల్లి మంచిది," అంది.

తర్వాత నిఖిల్ వారానికి ఒకసారి రావడం మొదలుపెట్టాడు. తన ఒట్టును అంతవరకు సడలించుకున్నాడు. మనస్విని ఎప్పుడైనా అతనితో వచ్చి కొమురవ్వకు పెద్ద ఫోను వాడడం నేర్పింది. భవాని తన పాత ఫోను ఇచ్చింది. కొమురవ్వ నేర్చుకున్న మొదటి వారంలోనే కూతురు పంపిన ఒక తమాషా వీడియో చూసి బాగా నవ్వుకుని, జవాబుగా ఒక పుర్రె పంపించింది. చిన్నకోడూరు నుంచి భవాని వెంటనే ఫోన్ చేసింది. "అవ్వా, నాయినకు మంచిగనే ఉన్నదా?" కొమురవ్వ ఆమెకు అరగంట సేపు పుర్రెల సంగతి విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

మాట ఎవరిదన్న పంచాయితీ తేలలేదు. సిద్ధయ్య చెప్పింది శైలేందర్ ఎక్కడా పెట్టలేదు. అది వాళ్లింటి మాట అన్నాడు. కరీంనగర్, వరంగల్ ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నాయేమో. కానీ చలికాలం వచ్చేసరికి పిల్లల నోళ్లలో ఆ మాట పలచబడింది. వాళ్లు ఇప్పుడు ఇంకేదో అంటున్నారు. క్లాసులో అది విని అందరూ నవ్వుతారు, నాకు ఇంకా అర్థం కాలేదు.

మొన్న బండి దగ్గర ఆ సంగతి కదిలించాను. మీ మాట పాతబడిపోయినందుకు బాధగా ఉందా అని అడిగాను. కొమురవ్వ మిర్చి ఒకటి తీసి నూనె కారనిచ్చి నా ముందున్న కాగితంలో పెట్టింది.

"బాధెందుకు సారూ, పానం నిమ్మళంగున్నది," అంది. "గప్పుడు వచ్చెటోళ్లు నా నోరు చూసుకుంట నిలవడుతుండ్రి. ఏం మాట్లాడాల్నన్నా భయమయ్యేది. గిప్పుడు మిర్చి తినెతందుకే వస్తుండ్రు. తిను, చల్లారుతది."